బాత్‌లో గదికి 142 పౌండ్లు, బ్రాడ్‌ఫర్డ్‌లో రాతి ధాన్యపు కొట్టం ఉచితం

ఇంగ్లండ్‌లో బాత్ వెళ్లేవాళ్లు శనివారం రాత్రికి అక్కడ గది తీసుకోకండి. మాకు 142 పౌండ్లు పడింది. తీరా చూస్తే నాలుగో అంతస్తులో పైకప్పు కింద ఇరుకు గది, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులతో నాన్న మెట్ల మలుపు మలుపుకీ ఆగి నా వంక చూడటమే. గంట ముందు వచ్చి సామాను పెట్టుకున్నందుకు ఇంకో 10 పౌండ్లు! పొద్దున టిఫిన్‌లో శాకాహారం అంటే కాల్చిన టమాటా, రెండు బ్రెడ్ ముక్కలు. అడిగితే హోటల్ ఆవిడ "వెబ్‌సైట్‌లో రాశాం కదా" అని లోపలికి వెళ్లిపోయింది. రోమన్ స్నానఘట్టాలు బాగానే ఉన్నాయి గానీ నాన్న అప్పటికే మాట్లాడటం మానేశారు.

మర్నాడు రైల్లో పావుగంటలో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్. స్టేషన్ నుంచి నది పక్కన కాస్త దూరం నడిస్తే చాలు, రాతి ధాన్యపు కొట్టం వస్తుంది. 14వ శతాబ్దం మొదట్లో షాఫ్ట్స్‌బరీ అనే ఊళ్లోని సన్యాసినుల మఠం కోసం కట్టిన కొట్టం అది, 51 మీటర్ల పొడవు, పైన సుమారు 100 టన్నుల రాతి పెంకులు. అంత బరువునీ వంపు తిరిగిన పెద్ద పెద్ద కర్ర దూలాలు మోస్తున్నాయి. లోపల చీకటి, చల్లదనం, బల్లలూ బొమ్మలూ ఏమీ లేవు, అమ్మ "ఇంతేనా" అంది.

నాన్న మాత్రం ఎదురెదురు వాకిళ్ల మధ్య నిలబడి, "ఒరేయ్, ఇది కళ్లంరా. ఈ గాలికే తూర్పార పట్టుంటారు" అన్నారు. నిజమే, బండి ఒక వాకిట్లోంచి వచ్చి రెండో దాంట్లోంచి పోయేది, నూర్పిడి మధ్యలో. గోడల్లో సన్నటి సందులు గాలి ఆడటానికట. బోర్డు మీద రెండు ముక్కలే ఉన్నాయి, మిగతాదంతా గుంటూరు జిల్లా రైతు చెప్పిందే.

1539లో మఠం మూతపడ్డా 1970ల దాకా ఇది రైతుల చేతిలోనే నడిచింది. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ చూసుకుంటోంది, గ్రేడ్ 1 (రక్షిత కట్టడాల్లో అన్నిటికన్నా పై తరగతి) కట్టడం, అనుమతి లేకుండా దాని రూపు మారిస్తే నేరం. అద్దాల తలుపులూ రంగు లైట్లూ పెట్టకుండా వదిలేసినందుకు నాకైతే సంతోషమే.

పక్కన టీ, స్కోన్ (బన్ను లాంటిది) మనిషికి 7.95 పౌండ్లు పడింది. నాన్న రెండోది అడిగి మరీ తిన్నారు. స్వెటర్ తప్పనిసరి, వేసవైనా సరే. బస కూడా ఈ ఊళ్లోనే చూసుకుని, బాత్‌కి పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి.