పాత తూకంలోనే ఉండాలా, పై కేటగిరీకి వెళ్లాలా? బాక్సర్‌కి ఏది మేలు?

విశాఖలో బాక్సింగ్ నేర్చుకునే పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఒక తూకంలో రాష్ట్ర స్థాయి బంగారు పతకం వచ్చింది, ఏడాది తిరిగేసరికి ఒళ్లు పెరిగింది. తగ్గించుకుని పాత కేటగిరీలోనే దిగాలా, పైకి వెళ్లాలా? గెలిచిన చోటు వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. అయినా అమెచ్యూర్ బాక్సర్‌కి (డబ్బు కోసం కాక ఒలింపిక్స్ తరహా పోటీల్లో దిగేవాళ్లకి) పైకి వెళ్లడమే మేలని నా అభిప్రాయం. పంచ్ బలం, ఎత్తు తర్వాతి సంగతులు. ముందు చూడాల్సింది త్రాసు ఎక్కే తూకానికీ బౌట్‌కీ (రింగులో పోటీకీ) మధ్య ఎంత సమయం దొరుకుతుందన్నదే.

ప్రొఫెషనల్స్‌కి తూకం సాధారణంగా ముందు రోజు ఉంటుంది. రాత్రంతా తిని, తాగి, నిద్రపోయి రింగులోకి వస్తారు. అమెచ్యూర్ టోర్నీలో బౌట్ ఉన్న రోజు ఉదయమే తూకం. గెలిచి ముందుకెళ్తే తర్వాతి బౌట్ రోజు పొద్దున మళ్లీ త్రాసు ఎక్కాలి. ఫైనల్ దాకా వెళ్లేవాడు ఒక్కసారి తగ్గితే చాలదు, వారమంతా తగ్గే ఉండాలి.

లెక్క వేసి చూడండి. చెమట రూపంలో రెండు కిలోలు పోతే, తిరిగి పట్టించాల్సింది సుమారు మూడు లీటర్లు. తాగినదాంట్లో కొంత మూత్రంగా పోతుంది, మామూలు నీళ్లయితే ఇంకా ఎక్కువ పోతుంది, అందుకే ఓఆర్‌ఎస్ కావాలి. గంటకు లీటరుకు మించి పొట్ట పట్టదు. అంటే నీటికే మూడు గంటలు. కండరాల్లో ఖాళీ అయిన గ్లైకోజెన్ (దాచుకున్న శక్తి) నిండడానికి దాదాపు ఒక రోజు. ఈ లోటు మొదటి రౌండులో బయటపడదు. రెండో రౌండు చివర్లో ముఖానికి కాపుగా పెట్టిన గార్డు చేతులు గడ్డం కిందికి జారతాయి, మూడో రౌండులో జాబ్ (ముందు చేతి పంచ్) వేశాక కాలు వెనక్కి రాదు.

మనవాళ్లలోనే రెండు దారులూ కనిపిస్తాయి. 2009లో విశాఖ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో కోచ్ ఐ.వి.రావు గారి దగ్గర చేరిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ తూకం లేదు కాబట్టి 50కి దిగింది. దిగడం వల్ల నష్టమే జరిగిందని అనలేం, 2022 కామన్వెల్త్ స్వర్ణం, 2023 ప్రపంచ టైటిల్ 50లోనే వచ్చాయి. కానీ 2024లో పారిస్‌లో చైనా బాక్సర్ వు యూ చేతిలో 0-5తో (అయిదుగురు జడ్జీలూ వు యూ వైపే) ఓడింది. తూకం కోసం రెండు రోజులు తిండి లేకుండా ఉన్నానని, కోలుకునే సమయం దొరకలేదని ఆ తర్వాత ఆమే చెప్పింది. ఆ వు యూ అంతకు ముందు ఏడాది 52 కిలోల ప్రపంచ చాంపియన్. అంటే ఇద్దరూ దిగివచ్చినవాళ్లే, ఎవరి శరీరం తట్టుకుందన్నదే తేడా.

లవ్లీనా బొర్గోహెయిన్‌ది ఎదురు దారి. టోక్యోలో 69 కిలోల్లో కాంస్యం. పారిస్‌కి 69 తీసేసి 66, 75 ఉంచారు. ఆమె పైకి వెళ్లింది. 2022లో ఆసియా స్వర్ణం, 2023లో ప్రపంచ స్వర్ణం, అదే ఏడాది ఆసియా క్రీడల్లో రజతం, అన్నీ 75లోనే. పారిస్ క్వార్టర్స్‌లో చైనా బాక్సర్ లీ చియాన్ చేతిలో ఓడింది, కానీ తూకం కోసం పస్తులుండి ఓడిన ఓటమి కాదది. లవ్లీనా పొడగరి కావడం వల్ల కొత్త కేటగిరీలోనూ రీచ్ (చేయి చాపితే అందే దూరం) తక్కువ కాలేదన్నది నిజమే. పొట్టివాళ్లకి పైకి వెళ్లడం అంత సులువు కాదు.

విశాఖకు సంబంధించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లాస్టిక్ సూట్ తొడుక్కుని బీచ్ రోడ్డులో పరుగెత్తి బరువు తగ్గించే అలవాటు ఇక్కడ ప్రమాదకరం. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. ఏప్రిల్, మే నెలల్లో ఇది వడదెబ్బను పిలిచి తెచ్చుకోవడమే.

మరి ఎలా తేల్చుకోవాలి? మామూలు ప్రాక్టీస్ రోజుల్లో, పొద్దున్నే పరగడుపున, వరసగా ఒక వారం బరువు చూడండి. సగటు కేటగిరీ కంటే మూడు శాతం లోపు ఎక్కువుంటే ఉన్నచోటే ఉండొచ్చు. అయిదు శాతం దాటితే మారడమే మంచిది. 51 కిలోల అమ్మాయికి ఆ హద్దులు సుమారు 52.5, 53.5. ఆ రెండింటి మధ్య ఉంటే ఎత్తు, రీచ్ చూసి కోచ్ తేల్చాలి. ఇంకో సంగతి, కేటగిరీల మధ్య దూరం అందరికీ సమానం కాదు. పురుషుల్లో 50 నుంచి 55 అంటే పది శాతం పెరుగుదల, 85 నుంచి 90 అంటే ఆరు శాతం లోపే. చిన్న తూకాల వాళ్లు ఎక్కువ సమయం తీసుకోవాలి.

పైకి వెళ్లేవాళ్లు చెడిపోయేది తొందర వల్లే. 2016లో బ్రిటన్ ప్రొఫెషనల్ కెల్ బ్రూక్ 66.7 కిలోల నుంచి మధ్య కేటగిరీ దాటేసి 72.6లో చాంపియన్ గొలొవ్‌కిన్ మీదికి వెళ్లాడు. బ్రూక్ కంటి చుట్టూ ఎముక విరిగింది, అయిదో రౌండులో అతని మూల నుంచి ఓటమి ఒప్పుకుంటూ టవల్ పడింది. ఉక్రెయిన్ ప్రొఫెషనల్ ఉసిక్ అయితే క్రూయిజర్‌లో (హెవీవెయిట్ కంటే కింది కేటగిరీలో) అన్ని బెల్టులూ గెలిచాక, 2019లో హెవీవెయిట్‌లో తొలి బౌట్, 2021లో జాషువా మీద గెలుపు, 2024లో ఫ్యూరీ మీద గెలుపు, ఇలా మెట్టు మెట్టుగా వెళ్లాడు. వారానికి పావు కిలోకి మించి పెరిగితే అందులో కొవ్వే ఎక్కువ. మూడు కిలోలు పెరగడానికి మూడు నాలుగు నెలలు పెట్టుకోండి. మెడ, నడుము వ్యాయామాలు పెంచండి, క్లించ్‌లో (ఒకరినొకరు పట్టుకున్నప్పుడు) బరువైనవాడు మీద వాలినప్పుడు ముందు అలిసిపోయేవి అవే. కొత్త తూకం వాళ్లతో మొదటి నెల తేలికపాటి స్పారింగే (ప్రాక్టీస్ బౌట్లే) చాలు. స్పారింగ్ వీడియో తీసి పంచ్‌లు లెక్కపెట్టండి. మూడో రౌండు లెక్క మొదటి రౌండుకి దగ్గరగా ఉంటే పెరిగిన బరువు ఒంటికి పట్టినట్టు. సగానికి పడిపోతుంటే పోటీకి పేరివ్వకండి.

పైకి వెళ్లి ఒక టైటిల్ కొట్టి మళ్లీ కిందికి రావడం మూడో దారి. అమెరికా ప్రొఫెషనల్ రాయ్ జోన్స్ 2003లో హెవీవెయిట్ బెల్టు గెలిచి తన పాత 79.4 కిలోలకి తిరిగొచ్చాడు. మొదట ప్రత్యర్థి టార్వర్ మీద అతికష్టంగా నెగ్గి, 2004లో అతని చేతిలోనే రెండో రౌండులో నాకౌట్ అయ్యాడు. పెంచిన కండను కరిగించడం నీళ్లు తగ్గించడం కంటే కష్టం, ఈ దారి వద్దు.

ఇంకా ఎత్తు పెరుగుతున్న సబ్ జూనియర్, జూనియర్ పిల్లలకైతే ఈ శాతాల లెక్కలూ వద్దు. ఆకలికి సరిపడా తిననిచ్చి, ఆ సీజన్‌లో ఏ తూకం వస్తే ఆ కేటగిరీలోనే పేరు రాయించండి.