డీజిల్ ట్యాంకులో నీళ్లు: అడుగు నుంచి తీసేస్తే చాలా, ట్యాంకు విప్పాలా?

సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుందనగా విశాఖ, కాకినాడ రేవుల్లో మరబోట్ల యజమానులు ఏటా అడిగే ప్రశ్న ఇది. ట్యాంకులోకి నీళ్లు దిగాయి, ట్యాంకు అడుగున ఉండే ప్లగ్ (మర బిరడా) తిప్పి బయటికి వదిలేస్తే సరిపోతుందా, డీజిల్ నుంచి నీళ్లను వేరు చేసే వాటర్ సెపరేటర్ పెట్టించాలా, లేక ట్యాంకు ఖాళీ చేసి కడిగించాలా?

అన్నిటికన్నా చవక, నీళ్లు బయటికి వదిలేయడం. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది, నీళ్లేమో కిలో. అందుకే నీళ్లు అడుగుకు చేరతాయి. బోటును ఒక రాత్రి కదలకుండా ఉంచి, తెల్లవారాక ప్లగ్ వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి. ప్లగ్ లేకపోతే ట్యాంకులో బాగా పల్లంగా ఉన్న మూలకు పైపు దించి చేతిపంపుతో లాగాలి. తీసినదాన్ని రేవులో పారబోయకండి, క్యాన్లలో పట్టండి.

సెపరేటర్ మంచిదే. ప్రతి మరబోటుకీ ఉండాల్సిందే. అయితే దాన్ని ట్యాంకుకీ, ఇంజిన్‌కు డీజిల్ తోడే ఫీడ్ పంపుకీ మధ్య పెట్టించాలి. పంపు దాటాక పెడితే నీళ్లు అప్పటికే చిన్న చిన్న బిందువులుగా చితికి డీజిల్‌లో కలిసిపోయి ఉంటాయి, సరిగా విడిపోవు. వీలుంటే రెండు పెట్టించి మధ్యలో వాల్వు ఉంచుకోండి. ఒకటి మూసుకుపోయినా ఇంజిన్ ఆపకుండానే రెండోదానికి మార్చుకోవచ్చు. ఇక్కడ ఒకటి మరవకూడదు. సెపరేటర్ కింద నీళ్లు చేరే గిన్నె నిండాక, నీళ్లు నేరుగా ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దాకా వెళతాయి.

ఇంతకీ ఏది చేయాలో తేల్చేది నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, నీళ్లతో పాటు ఇంకేం ఉందన్నది. అడుగు నుంచి తీసిన డీజిల్‌ను గాజు సీసాలో పట్టి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. పైన డీజిల్, కింద తేట నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు ఉంటే నీళ్లు అడుగు నుంచి తీసేసి, సెపరేటర్ బిగిస్తే చాలు. ఆ రెంటి మధ్య నల్లగానో గోధుమ రంగులోనో జిగురు పొర కనిపిస్తే మాత్రం ట్యాంకు విప్పాల్సిందే. అది నీళ్లలో బతుకుతూ డీజిల్‌ను తినే సూక్ష్మజీవుల పాచి. గోడలకీ లోపలి అడ్డురేకులకీ అంటుకుని ఉంటుంది కాబట్టి ప్లగ్ తిప్పినంత మాత్రాన రాదు. అది వదిలే ఆమ్లాలు ఇనుప రేకును కూడా తినేస్తాయి.

ఈ విషయంలో నేను రాజీ పడను. "రేవులో గంటసేపు ఇంజిన్ ఆడించాం, బాగానే ఉంది" అంటారు. ఇంజిన్‌కు డీజిల్‌ను తోడే పైపు ట్యాంకు అడుగుకు కాస్త పైన ఉంటుంది. బోటు నిలకడగా ఉన్నంతసేపు మంచి డీజిలే వస్తుంది. సముద్రంలో ఊగడం మొదలవగానే అడుగున ఉన్నదంతా లేచి ఫిల్టర్లో పడుతుంది. ఇంజిన్ ఆగితే బోటు అలలకు అడ్డం తిరుగుతుంది. ఆ ఊపులో ఫిల్టర్ మార్చి, లైన్లో గాలి తీసే పని సరంగు (బోటు నడిపే మనిషి) నెత్తిన పడకూడదు. కడిగించడానికి ఖర్చవుతుంది, కొన్ని రోజులు పడుతుంది. బోటు ఎలాగూ కట్టేసి ఉండే నిషేధ కాలం కంటే దానికి అనువైన సమయం లేదు.

కడిగించేటప్పుడు ఒక జాగ్రత్త. మూసి ఉన్న ఇనుప ట్యాంకులో తుప్పు వల్ల గాలిలోని ఆక్సిజన్ తగ్గిపోతుంది, పైగా డీజిల్ ఆవిరి. మూతలన్నీ తెరిచి బాగా గాలి ఆడించకుండా, పైన తోడు మనిషి లేకుండా ఎవరినీ లోపలికి దించకండి.

సీసాల్లో అమ్మే మందుల సంగతి. నీళ్లను డీజిల్‌లో కలిపేసే రకం వద్దు, ఆ నీళ్లు నాజిళ్లకే పోతాయి. పాచిని చంపే మందు కడిగిన తర్వాత వాడితే మేలు. ముందే పోస్తే చచ్చిన పాచి ఫిల్టర్లను మూసేస్తుంది.

ఏది చేసినా నీళ్లు దిగిన దారి మూయకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. తీసిన నీళ్లను కొంచెం పళ్లెంలో పోసి ఎండలో ఆరనివ్వండి. తెల్లటి ఉప్పు మిగిలితే సముద్రపు నీరు. డెక్కు మీద డీజిల్ పోసే చోటి మూత కింద రబ్బరు వాషర్, ట్యాంకు గాలి గొట్టం మూతి చూడండి. ఉప్పు లేకపోతే వాన నీరో, సగం ఖాళీ ట్యాంకులో పట్టిన చెమ్మో, డీజిల్‌తో పాటు వచ్చినవో అయి ఉంటాయి. వాషర్ ఎలాగూ మార్చేయండి. మొదటి వేటకు రెండు ఫిల్టర్లు అదనంగా పెట్టుకుని, సెపరేటర్ గిన్నెను పూటపూటా చూస్తుండమని సరంగుకు చెప్పండి.