మనీలాలో పాత పెసోల వేట: ఎక్కడ దిగాలి, ఎక్కడ కొనకూడదు

ఫిలిప్పీన్స్ అనగానే మనవాళ్ళకి ఎంబీబీఎస్ చదువులే గుర్తొస్తాయి. నా మేనల్లుడూ మనీలాలో ఆ చదువే వెలగబెడుతున్నాడు. వాణ్ణి చూసొస్తానని అక్కకి చెప్పి బయల్దేరాను గానీ, అసలు సంగతి 1897 వెండి పెసో. స్పెయిన్ ఆ దీవుల్ని 1565 నుంచి 1898 దాకా ఏలింది, ఇక మూటాముల్లె సర్దుకునే ఏడాది ముందు అక్కడికోసం మాడ్రిడ్‌లో అచ్చువేసిన నాణెం అది, కుర్ర రాజు పదమూడో అల్ఫోన్సో బొమ్మతో, 25 గ్రాముల బరువు, తొంభై శాతం వెండి. 2025 జూన్ నుంచి మనకి 14 రోజులు వీసా అక్కర్లేదు కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు.

మొదటి రెండు రాత్రులు మనీలా పక్కనే ఉన్న మకాటి నగరంలో ఉన్నాను. శుభ్రమైన రోడ్లు, పెద్ద మాల్స్, పక్కనే ఆయాలా మ్యూజియం. స్పెయిన్ వాళ్ళు రాకముందరి బంగారు నగలు అక్కడ చూసి తీరాలి. కానీ నాణేల కోసం వెళ్ళేవాళ్ళు మకాటిలో దిగొద్దు, పాత మనీలాకి వెళ్ళిరావడంలో రోజంతా ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది. మూడో రోజు పాత మనీలాలోని ఎర్మితా పేటకి మారాను. గది పాతది, రాత్రంతా మోటార్‌సైకిళ్ళ మోత, పైగా గదిలో లాకర్ మొరాయించి మెకానిక్ వచ్చేదాకా పాస్‌పోర్టు అందులోనే ఇరుక్కుంది. అయినా మళ్ళీ వెళ్తే ఎర్మితాలోనే దిగుతా. అద్దె దాదాపు సగం, నేషనల్ మ్యూజియంకి నడిచి వెళ్ళొచ్చు. ప్రవేశం ఉచితం, 1600లో మునిగిపోయిన స్పెయిన్ ఓడ సాన్ డియేగోలో దొరికిన సరుకు కొంత అక్కడుంది.

ఇప్పుడు నా తెలివితక్కువతనం. ఇంట్రామురోస్ కోట చూసి వస్తుంటే ఒక బొమ్మల కొట్టులో పళ్ళెం నిండా ‘స్పానిష్ వెండి’. రెండు స్తంభాలు, మధ్యలో రెండు భూగోళాలు ఉన్న ఎనిమిది రియాళ్ళ పాత స్పానిష్ నాణెం చూసేసరికి మతి పోయింది. మెక్సికోలో అచ్చయ్యి, అక్కడి అకాపుల్కో రేవు నుంచి ఓడల్లో మనీలా చేరిన వెండి కదా! మద్రాసు బట్టలు మనీలాకి వెళ్ళి, బదులుగా ఆ వెండే మన తీరానికీ వచ్చేది. బేరమాడి కొనేశాను. 27 గ్రాములు ఉండాల్సింది, గదికొచ్చి తూచితే 21. చిన్న కాటా ఇండియా నుంచి మోసుకెళ్ళి మరీ గదిలో వదిలేసి వెళ్ళినవాణ్ణి ఏమనాలి? మేనల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, “మామయ్యా, ఇలాంటివి మా హాస్టల్ ఎదురుగా కీచైన్లకి కట్టి అమ్ముతారు” అన్నాడు.

ఎర్మితాలో నాణేలు తప్ప వేరే సరుకు పెట్టని చిన్న కొట్లే నయం. ఒక పెద్దాయన నేను అడక్కముందే కాటా తీసి బల్ల మీద పెట్టాడు. పెరూ నాణెం ఒకటి చూపించాడు, దాని మీద కిరీటంతో స్పెయిన్ రాజు ఏడో ఫెర్డినాండ్ ముద్ర కొట్టి ఉంది. దక్షిణ అమెరికా దేశాలు స్పెయిన్ మీద తిరగబడి స్వతంత్రమై, ఆ సంగతి చాటే రాతలతో వేసుకున్న నాణేలు మనీలా బజారుకి వచ్చేవి. వెండి కావాలి, ఆ రాతలు మాత్రం ఇక్కడి జనం కంట పడకూడదు, అందుకని 1828 నుంచి మనీలాలోని స్పెయిన్ అధికారులు వాటి మీద రాజు పేరు గుద్దడం మొదలెట్టారు. ధర విని మర్యాదగా వెనక్కిచ్చేశాను.

1897 పెసో మంచిది నా బడ్జెట్ దాటింది. అందుబాటులో ఉన్నదాన్ని ఎవరో పాలిష్ పెట్టి తళతళలాడేలా చేశారు. పాత నాణేన్ని అలా తోమితే విలువ పోతుంది, అలాంటిది నాకొద్దు. చివరికి కొన్నది బొగ్గులా నల్లబడ్డ 1908 పెసో. స్పెయిన్ తర్వాత ఏలిన అమెరికా వాళ్ళ కాలందే గానీ బొమ్మ గీసింది ఫిలిప్పీన్స్ శిల్పి మెలేసియో ఫిగెరోవా: సుత్తి పట్టుకున్న స్త్రీ, వెనక పొగ కక్కే మాయోన్ అగ్నిపర్వతం. 1942లో మనీలా అఖాతంలోని కోట దీవి కొరెహిదోర్ జపాన్ చేతికి చిక్కేముందు కోటిన్నరకి పైగా వెండి పెసోలు సముద్రంలో పారేశారు, తర్వాత పైకి తీసినవి ఇలా నల్లగానే ఉంటాయి. 20 గ్రాములు ఉండాల్సింది కాస్త తక్కువే తూగింది, ఉప్పునీళ్ళు తినేసిన లెక్క.

కాగితాలు మాత్రం చవక. ఆ యుద్ధంలో దీవుల్ని ఆక్రమించిన జపాన్ వాళ్ళు వేసిన నోట్లని అక్కడ ‘మిక్కీ మౌస్ డబ్బు’ అంటారు, కట్టలుగా దొరుకుతాయి. అప్పటి అధ్యక్షురాలు అర్రోయో పేరులో అక్షరం తప్పుపడి ‘అర్రోవో’ అని అచ్చయిన 2005 నాటి వంద నోటూ, గద్ద శాస్త్రీయ నామం తప్పు పడ్డ 1983 నాటి 50 సెంటిమోల బిళ్ళా అడిగి చూడండి.

స్పెయిన్ కాలం నాటి పాత ఊరు విగాన్‌కి రాత్రి బస్సులో వెళ్ళొచ్చాను. రాళ్ళు పరిచిన వీధి, గుర్రబ్బండ్లు, పాత ఇంట్లో చెక్క అంతస్తు మీద బస. ఉండటానికి అంత హాయైన చోటు ఈ ట్రిప్పులో ఇంకోటి లేదు, నాణేలకైతే దండగ.

తిరుగు ప్రయాణంలో 50,000 పెసోలకి మించి నగదు తీసుకెళ్ళాలంటే ముందే అనుమతి కావాలి. మరీ పాత వస్తువులైతే నేషనల్ మ్యూజియం పర్మిట్ సంగతి కొట్టువాణ్ణి అడగండి, రశీదు మాత్రం వదలొద్దు.

ఇంటికొచ్చి నల్ల పెసోని బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ గిన్నెలో చింతపండు నానేసి కూర్చుంది.