పీపీ కుర్చీయా, సొంత ప్రాక్టీసా?

మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ఏపీపీకి (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి) రోజంతా సాక్షులతోనే పని. పొద్దున కోర్టు వరండాలో తలూపిన సాక్షి, బోనెక్కాక అడ్డం తిరుగుతాడు. అప్పుడు కోర్టు అనుమతి తీసుకుని, పోలీసుల దగ్గర చెప్పిన వాంగ్మూలాన్ని ముందుపెట్టి తన సాక్షినే తాను క్రాస్ చేయాలి, అంటే ఎదురు ప్రశ్నలు వేయాలి. ఆ వాంగ్మూలానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 161, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 180. ఈ తర్ఫీదు ఏ సీనియర్ దగ్గరా ఇంత త్వరగా రాదు. జీతం ఖాయం. కానీ కేసుల్ని ఎంచుకునే వీలుండదు, దర్యాప్తులో దొర్లిన లోపాలకూ జడ్జి ముందు తనే నిలబడాలి.

ప్రైవేటు ప్రాక్టీసులో వకాలత్ (క్లయింటు తరఫున వాదించే బాధ్యత) తీసుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం. ఫీజు వసూలు మాత్రం మన చేతిలో ఉండదు, టెన్షనంతా అక్కడే. సివిల్ దావాలకు దిగితే ప్లెయింటు (దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ల (ప్రతివాది జవాబుల) డ్రాఫ్టింగ్ మొదటినుంచి నేర్చుకోవాలి. క్రాస్‌లో ఆరితేరినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

క్రిమినల్ వైపు మనసుంటే ముందు ప్రాసిక్యూషనే మేలని నా గట్టి నమ్మకం. జిల్లా జడ్జి పోస్టుకు కావాల్సిన 7 ఏళ్ల అనుభవంలో ఏపీపీ సర్వీసునూ లెక్కించాలని సుప్రీంకోర్టు 2013లో దీపక్ అగర్వాల్ కేసులో తేల్చింది. బయటికొచ్చాక ఒక్కటే జాగ్రత్త: ప్రాసిక్యూటర్‌గా చూసిన కేసులో ముద్దాయి తరఫున వకాలత్ వేయకూడదు.