వాన పడ్డాక వాన చూపించే యాప్: మిర్చి కల్లం నుంచి ఒక సమీక్ష

ముందే చెప్పేస్తున్నాను, నా కోపం ఈ యాప్ అంచనాలు తప్పుతాయని కాదు. వాన సంగతి ఎవరు చెప్పినా ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. తప్పిన ఆనవాలు కూడా మిగలకుండా చెరిపేసుకుంటుందే, దాని మీద నా కోపం.

ఇది ఫోను కొన్నప్పుడే అందులో ఉన్న వాతావరణ యాప్. పేరు రాయడం లేదు. దీని మీద విసిగి తర్వాత వేసుకున్న మరో రెండు యాప్‌లదీ ఇదే వరస. ఒక్కదాన్నే బోనెక్కించడం న్యాయం కాదు. తెర మీద ఏముంటుందో అందరికీ తెలిసిందే: పైన ఊరి పేరు, కింద గంట గంటకూ సూర్యుడో చంద్రుడో మబ్బో, పక్కన శాతం. కొన్నేళ్లుగా రోజూ చూస్తున్నాను. పంట కాలంలో అయితే అన్నం తిన్నంత క్రమంగా చూస్తాను.

మాది పల్నాడు. మిర్చి వేస్తాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, కోసిన కాయంతా కల్లంలోనే ఉంటుంది. ఎండను బట్టి పది పదిహేను రోజులు ఆరాలి. ఆ మధ్యలో గట్టి జల్లు ఒక్కటి పడితే చాలు, కాయ రంగు చెడుతుంది, మచ్చ పడుతుంది. గుంటూరు యార్డులో మేలు రకం ధర పలకాల్సిన సరుకు తాలుకాయల పక్కకు చేరుతుంది. అలాగని అనుమానం వచ్చినప్పుడల్లా పట్టాలు కప్పి కూర్చోలేం. లోపల ఆవిరి పట్టి కాయ చెమరుస్తుంది, బూజు కూడా రావచ్చు. కుప్ప చేయడానికి కూలి, మళ్లీ ఆరబోయడానికి కూలి. అంటే మాకు 'వాన పడుతుంది' అన్న మాట ఎంత ఖరీదైనదో 'పడదు' అన్న మాటా అంతే ఖరీదైనది. గొడుగు పట్టుకెళ్లాలా వద్దా అని చూసుకునే వాళ్లకు ఈ బాధ లేదు. వాళ్లు ఈ సమీక్షను ఇక్కడే ఆపేసినా నష్టం లేదు.

మొదట్లో ఈ యాప్‌ను ఊరంతా తిరిగి పొగిడింది నేనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు కొన్ని రోజుల ముందు నుంచే ఫోనులో ఆ తేదీల కింద వాన గుర్తులు కదలకుండా నిలబడ్డాయి. ఏ రోజు మొదలవుతుందో, ఏ రోజు తగ్గుతుందో దాదాపు చెప్పినట్టే జరిగింది. చేలో నీళ్లు బయటికి పోయే కాలువలు ముందే తీయించుకున్నాం. ఉష్ణోగ్రతలకూ వంక పెట్టలేం. ఆ నమ్మకంతోనే వేసవిలోకి అడుగు పెట్టాను.

ఇక ఆ మార్చి రాత్రి సంగతి. మంచు కాలం పోయింది కాబట్టి ఆరబోసిన కాయను రాత్రిళ్లు కుప్ప చేయకుండా అలాగే వదిలేస్తున్నాం. సాయంత్రం ఏడు గంటలకు యాప్ చూశాను. తెల్లవారే దాకా వరసగా చంద్రుళ్లే. వాన అవకాశం 5 శాతం. నాతో పాటు మా బావమరిది కూడా చూశాడు. కల్లం దగ్గర పడుకునేది అతనే.

పన్నెండు దాటాక పడమటి నుంచి ఒక్కసారిగా చల్లగాలి లేచింది. బావమరిది ఫోను చేసి "బావా, మెరుస్తోంది, వచ్చేయండి" అన్నాడు. ఇంట్లో ఉన్నవాళ్లం ఉన్నట్టు పరుగెత్తాం. మేం చేరేసరికే పెద్ద పెద్ద చినుకులు. ఆ గాలిలో పట్టా పరవడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఒక కొస మీద రాయి పెట్టేలోగా రెండో కొస మనిషితో సహా లేస్తుంది. సగానికి పైగా తడిసింది. వాన గట్టిగా అరగంట కూడా కురవలేదు. మూడు కిలోమీటర్ల అవతల ఊళ్లో నేల కూడా తడవలేదని తర్వాత తెలిసింది.

వాన వెలిశాక, తడిసిన చేతులు తుడుచుకుని ఫోను తీశాను. తిట్టడానికే తీశాను. తీరా చూస్తే తిట్టడానికి అక్కడేమీ లేదు. సాయంత్రం చూసిన చంద్రుడు లేడు. ఒంటిగంట దగ్గర మెరుపుతో మబ్బు, పక్కన 80 శాతం. మొదటి నుంచీ అదే చెబుతున్నట్టు, మేమే వినిపించుకోనట్టు.

తెల్లవారాక హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు.

"అన్నయ్యా, రాత్రి ఒంటిగంటకు మన ఊళ్లో వాన అని యాప్‌లో స్పష్టంగా ఉంది కదా. చూసుకోలేదా?"

"నువ్వు ఎప్పుడు చూశావురా?"

"ఇప్పుడే."

సాయంత్రం అక్కడ వాన లేదని ఎంత చెప్పినా వాడికి ఎక్కలేదు. పెట్టుబడిలో సగం వాడిది. వాడు అడగడంలో తప్పు లేదు, నా దగ్గర రుజువూ లేదు. పంట తడిసిన బాధ ఒక ఎత్తు, చేతకానివాడిలా నిలబడటం ఇంకో ఎత్తు.

ఆ రోజు నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తెర ఫొటో తీసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. తీసి చూస్తే తెలిసింది, వేసవిలో ఈ మాట మార్చడం దానికి నిత్యకృత్యం. పొద్దున 60 శాతం అన్నది మధ్యాహ్నానికి 10 అవుతుంది. ఎల్లుండికి వాన అన్నది ఆ ఎల్లుండి దగ్గర పడే కొద్దీ పక్కరోజుకు జరుగుతుంది, ఆ పక్కరోజు నుంచి ఇంకో రోజుకు. మారిందని ఒక్క ముక్క ఉండదు. 'ఉదయం ఇలా అన్నాం, ఇప్పుడు ఇలా అంటున్నాం' అని ఒక గీత గీసి చూపించడానికి ఎంత చోటు కావాలి? ఉగాది పంచాంగంలో రాసిన వానైనా అచ్చులో ఉంటుంది, దీపావళికి తీసి నిలదీయవచ్చు. మా బాబాయి గారు మబ్బు చూసి చెబుతారు, ఆయన మాటా తప్పుతుంది. తప్పినప్పుడు 'ఏమిటో, గాలి తిరిగిందిరా' అని పక్కకు చూస్తారు. ఫోనుకు ఆ మాత్రం మొహమాటం కూడా లేదు.

ఎందుకు ఇలా మారుతుందో తర్వాత తెలుసుకున్నాను. యాప్‌ల వెనుక ఉండేవి కొన్ని పెద్ద కంప్యూటర్ నమూనాలు. అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు లెక్క కడుతుంది: మన సమయంలో ఉదయం 5.30, 11.30, సాయంత్రం 5.30, రాత్రి 11.30 నాటి పరిశీలనలతో. లెక్క పూర్తయి బయటికి రావడానికి మళ్లీ కొన్ని గంటలు. కాబట్టి సాయంత్రం ఏడింటికి అలాంటి లెక్కను చూస్తే అందులో ఉన్నది ఉదయం 11.30 నాటి ఆకాశమే. మధ్యాహ్నం ఎండకు పడమటి కొండల మీద ఏ మబ్బు పుట్టిందో దానికి తెలియదు. కొత్త లెక్క రాగానే పాతదాని మీద కూర్చుంటుంది. మార్చడం దాని పని, మారకపోతేనే తప్పు. మార్చానని చెప్పకపోవడమే నాకు మింగుడు పడనిది.

ఇంకో సంగతి, ఆ ఊరి పేరు. పైన మా ఊరి పేరు చూసి, ఇక్కడెక్కడో ఓ పరికరం ఉండి చెబుతోందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటిదేమీ లేదు. ఆ అమెరికా నమూనా భూమిని దాదాపు 13 కిలోమీటర్ల గడులుగా కోస్తుంది. యూరప్ వాళ్లది 9 కిలోమీటర్లు. మన దేశం 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్లు. తుపాను వందల కిలోమీటర్ల మేర ఉంటుంది, ఏ గడిలో చూసినా దొరుకుతుంది. మిచౌంగ్‌ను అంత బాగా పట్టుకోవడంలో యాప్ గొప్ప కొంత తక్కువేనని అందుకే ఇప్పుడు అనిపిస్తోంది. వేసవిలో ఉరుములు మెరుపులతో వచ్చే క్యుములోనింబస్ మేఘం అలా కాదు. కొన్ని కిలోమీటర్ల వెడల్పు, గంట గంటన్నర ఆయుష్షు. పెద్ద గడిలో అది ఏ మూల పుడుతుందో ఆ లెక్కకు అందదు. అలాంటి గడికి మా ఊరి పేరు అంటించి, పక్కన ఒంటిగంట అని సమయం కూడా వేస్తే చదివేవాడు ఏమనుకోవాలి? టీవీలో 'ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు' అంటారు చూడండి, ఏ ఊరో చెప్పలేమని ఆ అంచనా తనంతట తానే ఒప్పుకుంటుంది. అది నాకు పనికిరాకపోవచ్చు, మోసం మాత్రం చేయదు.

అనుకోకుండా మేలు చేసింది మాత్రం రాడార్ చిత్రం. వాతావరణ శాఖ వెబ్‌సైటులో మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రం ఉచితంగా చూడవచ్చు, హైదరాబాదుదీ ఉంటుంది. చూడటానికి ఏమంత అందంగా ఉండదు, ఫోను తెర మీద వేళ్లతో పెద్దది చేసుకుని వెతుక్కోవాలి. కానీ అందులో కనిపించేది అంచనా కాదు, ఆ క్షణాన ఆకాశంలో ఉన్న వాన. మా వైపు వేసవి మబ్బు ఎక్కువగా పడమర నుంచి వస్తుంది కాబట్టి రెండు మూడు చిత్రాలు వరసగా చూస్తే ఎర్రటి మచ్చ ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది. కాయ కుప్ప చేసి పట్టా కప్పడానికి నాకు కావలసింది గంట. ఆ గంట ఇది ఇస్తుంది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం యాప్ 10 శాతం అంటుంటే రాడార్‌లో మచ్చ చూసి కప్పేశాం. కప్పిన కాసేపటికే దంచింది. ఇంకోసారి అలాగే కప్పితే మబ్బు దారిలోనే కరిగిపోయింది, కూలి దండగ. అయినా కోపం రాలేదు. అక్కడ మబ్బు ఉందన్న మాట అబద్ధం కాదు కదా.

దానితో పాటు దామిని. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వాళ్ల యాప్ ఇది. మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. వాన గురించి చెప్పడం దాని పని కాదు గానీ, వేసవి వాన మెరుపు లేకుండా ఎప్పుడు వచ్చింది? పట్టాల కోసం మనుషులను కల్లంలోకి పరుగెత్తించే ముందు ఇది చూడటం ఇప్పుడు నాకు అలవాటైంది. రైతుల కోసం పెట్టిన వాతావరణ యాప్ మేఘదూత్ కూడా ఉంచుకున్నాను. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ సలహాలు కోత ఎప్పుడు పెట్టుకోవాలో ఆలోచించుకోవడానికి పనికొస్తాయి.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి ఈ కథంతా చెబితే ఆశ్చర్యపోయాడు. అక్కడ 'మరో పది నిమిషాల్లో వాన' అని ఫోను మోగితే చాలాసార్లు అలాగే పడుతుందట. వాళ్లకు అలాంటి రాడార్లు 160 దాకా ఉన్నాయి. మన దేశంలో 2024 నాటికి 40 లోపే. అదే యాప్, అదే బొమ్మలు, అదే ధీమా; వెనుక ఉన్న సరుకు వేరు. అక్కడి వాళ్లు రాసే పొగడ్తలు చదివి ఇక్కడ డబ్బు కట్టేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. నేనూ ఒక ఏడాది చందా కట్టాను. ప్రకటనలు పోయాయి. వాన అంచనా అదే.

ఉష్ణోగ్రతకు వంక పెట్టలేం అన్నాను కదా, అది నీడలో కొలిచే లెక్క అని కూడా చెప్పాలి. మే నెలలో, అందులోనూ ఎండలకు పేరుమోసిన రెంటచింతల పక్కన, యాప్‌లో 42 అని చూసి మధ్యాహ్నం కల్లంలో పని పెట్టుకుంటే నేల మీద కూర్చుని కాయ ఏరే ఆడవాళ్లకు తగిలేది 42 కాదు. పనివేళలు ఆ అంకెను బట్టి నిర్ణయించడం నేను మానేశాను.

ఇంతా తిట్టి ఇంకా ఎందుకు ఉంచుకున్నావని బావమరిది అడుగుతూ ఉంటాడు. తుపాను సమయంలో మళ్లీ దీన్నే చూస్తాను కాబట్టి. తేమ శాతం, గాలి దిశ ఒక్కచోట కనిపిస్తాయి కాబట్టి. పాత అంచనాను పక్కన చూపించే చిన్న ఏర్పాటు ఒక్కటి పెడితే, తప్పులు ఇన్నే ఉన్నా దీన్ని మళ్లీ నమ్ముతానేమో. ఆ మాట వాళ్లకు రాసి పంపాను కూడా. సూచనకు ధన్యవాదాలు అని జవాబు వచ్చింది.

నా నక్షత్రాలు ఐదుకు రెండు. ఇది మట్టి కల్లం అద్దెకు తీసుకుని, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనుషులు తక్కువగా ఉన్నవాడి లెక్క. సిమెంటు కల్లం, రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు 5 శాతం అన్నా 80 శాతం అన్నా పెద్ద తేడా పడదు, వాళ్లు ఇంకాస్త ఉదారంగా వేయవచ్చు. కాయంతా బస్తాలకెత్తి యార్డుకు పంపేశాక, అంటే జూన్‌లో అడిగితే, ఇదే యాప్‌కు మూడున్నర ఇవ్వడానికి నాకూ అభ్యంతరం లేదు.