నాచు పెంచడానికి 31 వేలు: మా ఇంటి రెఫ్యూజియం

మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో అప్పుడప్పుడూ మనుషులొచ్చి ఓవర్‌హెడ్ ట్యాంకులో నాచు గీకి డబ్బులు తీసుకుని పోతారు. నేనేమో నాచు పెంచి పెట్టమని డబ్బులిచ్చాను. మా అమ్మది తాళ్ళరేవు, కోరింగ మడ అడవి పక్కనే. సంగతి విని, "ఏరా, నాచుకి 31 వేలా?" అని ఒక్క మాట అడిగి టీవీ వైపు తిరిగింది.

హాల్లో నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే సముద్రపు చేపల ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది, మూడేళ్ళుగా నడుస్తోంది. దాని కింద క్యాబినెట్‌లో సంపు. (అపార్ట్‌మెంట్ సంపు కాదు, దీనిది దీనికే: పై ట్యాంకు నీళ్ళు ఇందులోకి దిగితే రిటర్న్ పంపు మళ్ళీ పైకి పంపుతుంది. ఫోన్‌లో "సంపు పొంగింది" అని మా ఆవిడ చెబితే ఏ సంపు అని అడగాల్సి వస్తుంది.) ఏడాదిగా రాళ్ళ మీద ఆకుపచ్చ జుట్టు నాచు. నేను పనిచేసేది ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో కాబట్టి ఇంట్లో కూడా నోటు పుస్తకం పెట్టి కొలుస్తుంటాను: నైట్రేట్ 40 పీపీఎం, ఫాస్ఫేట్ 0.25. చేపలకు మేత వేసినంత కాలం ఈ రెండూ పుడుతూనే ఉంటాయి. వాటిని తిని నాచు ఎలాగూ పెరుగుతుంది. ఆ పెరిగేదేదో నేను చెప్పిన చోట పెరిగితే, గుప్పెడు గుప్పెడు తీసి పారేస్తే, తిన్న నైట్రేటూ ఫాస్ఫేటూ దాంతోపాటే బయటికి పోతాయి. రెఫ్యూజియం అనే ఈ విడి ట్యాంకు పని ఇంతే. చేపలు రాని గది కనుక కోపీపాడ్లలాంటి పురుగులు అందులో తలదాచుకుని పిల్లల్ని పెడతాయి. రెఫ్యూజ్ అంటే ఆశ్రయం, పేరు వచ్చింది అందుకే.

పని అప్పగించింది కూకట్‌పల్లి వైపున్న ఒక మెరైన్ షాపుకి. పేరు రాయడం లేదు, మెచ్చుకునేవీ తిట్టుకునేవీ రెండూ ఉన్నాయి. 60 బై 40 బై 40 సెంటీమీటర్ల గ్లాసు ట్యాంకు, స్టాండు కలిపి 14,000. పైపులు, వాల్వులు 6,500. లైటు 5,500. కూలి 4,000. నాచు ముద్ద 1,000. ఆదివారం పొద్దున పదింటికల్లా వస్తామన్నారు. వచ్చింది మూడో ఆదివారం సాయంత్రం.

వచ్చిన కుర్రాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. ఈ రివ్యూ రాయడానికి సగం కారణం అతనే. షాపు ఓనరు ఇచ్చిన బొమ్మ ప్రకారం రిటర్న్ పంపు లైనుకి ఒక టీ జాయింటు వేసి, బాల్ వాల్వు పెట్టి, అక్కడి నుంచి రెఫ్యూజియంలోకి నీళ్ళు పంపాలి. అవి ఒక అంగుళం పైపులోంచి గ్రావిటీతో సంపులోకి పడాలి. కుర్రాడు బొమ్మ చూసి, "ఒక్క పైపు సరిపోదన్నా. నాచు పోయి జాలీకి అడ్డం పడ్తది, నీళ్ళు మీ టైల్స్ మీదికొస్తయ్" అన్నాడు. మొదటి దానికన్నా రెండు వేళ్ళ ఎత్తులో ఇంకో ట్యాంక్ నిపుల్ వేసి రెండో పైపు దించాడు. దానికి అదనంగా అడిగింది ట్యాంక్ నిపుల్ ఖరీదు మాత్రమే. నెల తిరక్కుండానే నాచు నిజంగానే జాలీకి అడ్డం పడింది. ఆ పొద్దున రెండో పైపులోంచి గలగలా శబ్దం వినిపించి లేచాను. నేల పొడిగానే ఉంది.

పైపులు ఆరాక అతను చేసిన పరీక్ష ఇంకా బాగుంది. "అన్నా, జర మెయిన్ బంద్ చెయ్యుండ్రి, కరెంటు పోతే నీళ్ళు యాడిదాక వస్తయో చూద్దాం" అన్నాడు. పంపు ఆగింది. రిటర్న్ గొట్టం మూతి పైన ట్యాంకు నీళ్ళలో ఆరు సెంటీమీటర్ల లోతున ఉంది కాబట్టి నీళ్ళు అదే దారిన వెనక్కి జారడం మొదలైంది. ట్యాంకు 120 బై 60, సెంటీమీటరు దిగితే 7.2 లీటర్లు, ఆరు దిగితే 43. కింద సంపు 90 బై 45. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాం. మార్కరుతో గీసిన గీత మునిగింది, ఇంకో గీత గీశాడు, అదీ మునిగింది. పదకొండు సెంటీమీటర్లు పెరిగి, అంచుకి వేలెడు దిగువన ఆగింది. మా ఆవిడ అప్పటికే పాత దుప్పటి తెచ్చి పెట్టుకుంది.

"ఇట్ల ఒద్దు" అని అతను డ్రిల్లు తీసి రిటర్న్ గొట్టానికి నీటిమట్టం కింద రెండు సెంటీమీటర్ల దగ్గర చిన్న కన్నం వేశాడు. నీళ్ళు అంతవరకు దిగగానే కన్నంలోంచి గాలి లోపలికి దూరి, నీళ్ళని వెనక్కి లాగే సైఫన్ తెగుతుంది. మళ్ళీ మెయిన్ ఆపితే ఈసారి పెరిగింది నాలుగు సెంటీమీటర్లే. ఒక్క జాగ్రత్త: ఆ కన్నంలో నత్త దూరితే కథ మళ్ళీ మొదటికే. నేను ప్రతి శనివారం టూత్‌బ్రష్‌తో తుడుస్తాను. మూడేళ్ళుగా నా ట్యాంకుకి ఆ కన్నం లేదని, ఇన్ని కరెంటు కోతల్లో నేలమీదికి నీళ్ళు రాకపోవడం అదృష్టమేనని ఆ రోజే తెలిసింది. మొదటి ట్యాంకు పెట్టినవాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక తిట్టుకునేవి. ఓనరు మొదట నాకు కాలెర్పా అనే నాచు అంటగట్టబోయాడు. చూడ్డానికి పచ్చటి ద్రాక్ష గుత్తుల్లా బాగుంటుంది, త్వరగా పెరుగుతుంది. కానీ ఉన్నట్టుండి ఒకరోజు బీజకణాలన్నీ నీళ్ళలోకి వదిలేసి తెల్లబడి చచ్చిపోతుంది, నీళ్ళు పాలలా అవుతాయి, తిన్నదంతా తిరిగి ట్యాంకులోకి కక్కుతుంది. పైగా దాని జాతిలోదే టాక్సిఫోలియా. 1984లో మొనాకో సముద్ర మ్యూజియం ముందు కనిపించి, ఆ తర్వాత మధ్యధరా తీరాల్లో చాలాచోట్ల పాకింది. వద్దని కీటోమోర్ఫా అనే ఇంకో నాచు అడిగాను, వాడుకలో కీటో. నైలాను దారం ఉండలా ఉంటుంది, వేళ్ళు లేవు, ఇసుక అక్కర్లేదు. కీటో వస్తోందని ఇంట్లో చెబితే మా ఆవిడ నేను డైటు మొదలుపెడుతున్నానని సంతోషించింది.

తర్వాత మడ మొక్కలు చూపించాడు, ఒక్కోటి 600. కోరింగ పక్కన పెరిగినవాణ్ణి, మడ మొక్క నాకు కొత్తా? అందంగా ఉంటుంది, నిజమే. కానీ నెలకు ఆకో రెండాకులో వేసే మొక్క నా నైట్రేటుని ఎప్పటికి తినాలి? ఇసుక పది సెంటీమీటర్ల మందంగా వేయమన్నాడు, అదీ వద్దన్నాను. అడుగు ఖాళీగా ఉంటే చెత్త కనపడుతుంది, గొట్టంతో లాగేయొచ్చు.

కీటో ముద్దతో అసలు తలనొప్పి వచ్చింది. కవర్లో ఇచ్చినదాన్ని అలాగే ట్యాంకులో వేశాను, తప్పు నాదీ ఉంది. పది రోజులకు గాజు మీద లేత గోధుమరంగు చిన్న పువ్వు. ఐప్టేసియా. పువ్వులా కనిపించే సముద్ర జీవి, గిల్లితే చిన్న ముక్కలోంచి కూడా మళ్ళీ పుట్టే రకం. అప్పటికి అయిదు. అమ్మ ఇన్సులిన్ సిరంజి ఒకటి అడిగి తీసుకుని, కాల్షియం హైడ్రాక్సైడ్ చిక్కగా కలిపి, పంపు ఆపి, ఒక్కోదాని నోట్లో కొట్టాను. ఒక్కసారే అన్నిటికీ కొడితే పీహెచ్ పైకి పోతుంది, అందుకని రోజుకి రెండు. మీరు కొంటే మాత్రం తెల్ల బకెట్టులో ఉప్పునీళ్ళు పోసి, ముద్దని విప్పి, జాడించి, రెండు వారాలు విడిగా లైటు కింద ఉంచాకే ట్యాంకులో వేయండి. షాపుకి ఫోన్ చేస్తే, "సముద్రంలోంచి వచ్చిందే కదా సార్" అన్నాడు.

లైటు ఇంకో కథ. ఎరుపు, నీలం కలిసిన మొక్కల లైటు, వెలుగు బాగానే ఉంది. కానీ దానికి తడి తగలకుండా ఏ కవరూ లేదు. ఇరవై రోజులకు కొసలన్నీ ఉప్పు పట్టి ఒకరాత్రి ఎంసీబీ పడిపోయింది. ఎర్త్ లీకేజి బ్రేకరు లేని ఇంట్లో ఉప్పునీళ్ళ పక్కన ఇలాంటి లైటు పెట్టడం నాకు నచ్చలేదు. బ్రేకరు పెట్టించి, మూత ఉన్న లైటు నేనే కొన్నాను. 5,500 తిరిగి అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఈ కొత్త లైటు రాత్రి పదింటికి వెలిగి పొద్దున ఎనిమిదింటికి ఆరుతుంది, పైన ట్యాంకు లైటుకి తారుమారుగా. రాత్రిపూట ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ దిగుతుంది కదా, ఆ వేళ కీటో దాన్ని తింటుంది. ఎండాకాలం కిటికీలన్నీ మూసి ఏసీ వేసుకునే మా ఇంట్లో తెల్లవారుజామున 7.8 ఉండేది, ఇప్పుడు 8.0. క్యాబినెట్ సందుల్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి గులాబీ వెలుగు. వాచ్‌మన్ ఒకరోజు లిఫ్ట్ దగ్గర, "సార్, రాత్రంతా ఏం పెంచుతున్నరు?" అని గొంతు తగ్గించి అడిగాడు.

పది వారాలకు నైట్రేట్ 40 నుంచి 12కి, ఫాస్ఫేట్ 0.25 నుంచి 0.08కి దిగాయి. వారం వారం పది శాతం నీళ్ళు మార్చడం ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది, కాబట్టి మార్పు ఎక్కువగా కీటోదే అనుకుంటున్నాను. "నెలలో జీరో" అని షాపులో చెప్పిన మాట మాత్రం నమ్మకండి. నిజంగా సున్నా అయితే కీటోకే తిండి ఉండదు, పైగా డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల జిగురు పట్టుకునే ప్రమాదం. రాళ్ళ మీద జుట్టు నాచు సగానికి పైగా పోయింది. రెండు వారాలకోసారి రెండు దోసిళ్ళ కీటో తీస్తాను, మంచినీళ్ళలో కడిగి, ఎండబెట్టి, చెత్తబుట్టలో. కాలువల్లో మాత్రం పారేయకూడదు.

రాత్రి టార్చి వేస్తే గాజు మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్ల చుక్కలు, అన్నీ కదులుతుంటాయి. కోపీపాడ్లు. మా అమ్మాయి అవి చూసి మాండరిన్ చేప ఎప్పుడు తెస్తావని అడుగుతోంది. ఆ చేప రోజంతా వీటినే ఏరుకుని తింటుంది, కనీసం ఆరు నెలలు ఆగాలన్నాను. క్యాలెండరులో తేదీ గీసింది.

ప్లంబింగ్‌కి ఇదే షాపుని, అదీ ఆ కుర్రాడే వస్తేనే, మళ్ళీ పిలుస్తాను. నాచు, లైటు మాత్రం వేరేచోట కొంటాను. పైపులు కలిపే ఒక యూనియన్ దగ్గర ఉప్పు పేరుకుంటోంది, సన్నగా కారుతున్నట్టుంది. ఫోన్ చేస్తే ఆదివారం పంపిస్తానన్నాడు ఓనరు. ఏ ఆదివారమో చెప్పలేదు.