తుఫాను నెలల్లో తెరచాప పడవను ఎక్కడ ఉంచడం మేలు? బాహుదా నుంచి రుషికుల్య దాకా నాలుగు దారులు

కవిటి, ఇచ్ఛాపురం మొదలుకొని గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్ దాకా మన తీరమంతా తిన్నగా సాగే ఇసుక ఒడ్డు. కొండ చాటున లోతైన నీరు నిలిచి, గాలి సోకకుండా పడవ ఉండగలిగే చోటు ఇక్కడ ఒక్కటీ లేదు. అందువల్ల చిన్న తెరచాప పడవ ఉన్నవారికి తుఫాను కాలం దగ్గరపడే కొద్దీ నాలుగు దారులే మిగులుతాయి. సోనాపూర్ దగ్గర బాహుదా నది మొగలోకి, అంటే అది సముద్రంలో కలిసే చోటికి తెచ్చి కట్టుకోవచ్చు. విశాఖపట్నం రేవుకు తీసుకుపోవచ్చు. రుషికుల్య నది మీదుగా చిలికా సరస్సులోకి చేర్చవచ్చు. లేదా నీటిలో ఉంచకుండా గట్టుకు ఎక్కించవచ్చు. ఈ నాలుగింటిలో 20, 25 అడుగుల లోపు పడవకు గట్టే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే పడవ బరువును బట్టి, చేతిలో ఉన్న సమయాన్ని బట్టి ఈ తీర్పు కొంత మారుతుంది కనుక ఒక్కొక్క దారినీ విడిగా తూచి చూడవలసి ఉంది.

ముందుగా తారీఖులు చూడాలి. 1999లో గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన తుఫాను అక్టోబరు 17న వచ్చింది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న అదే గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ మరుసటి ఏడాది సరిగ్గా అదే తారీఖున విశాఖపట్నం వద్ద, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. మే నెలలో పూరీని దెబ్బతీసిన ఫణి, సెప్టెంబరు చివర కళింగపట్నం వైపు వచ్చిన గులాబ్ వంటివి లేకపోలేదు గాని, మన తీరానికి దసరా రోజులే పెద్ద గండం. కాబట్టి పడవ ఎక్కడుండాలనే నిర్ణయం తుఫాను పేరు విన్న తరువాత చేసేది కాకూడదు. వినాయక చవితి నాటికే తేలిపోవాలి.

రెండవది గాలి లెక్క. గాలి వేగం రెట్టింపయితే పడవ మీద పడే తోపు నాలుగు రెట్లవుతుంది. తిత్లీ తీరం దాటినప్పటి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఫైలిన్ వేగం 200 నుంచి 210. అంకెల్లో తేడా మూడోవంతు కొంచెం దాటినట్టు కనిపించినా, కట్టిన మోకు మీద పడే లాగుడు దాదాపు రెట్టింపు. తిత్లీకి నిలిచిన కట్టు ఫైలిన్ వంటిదానికి కూడా నిలుస్తుందని అనుకోవడం ప్రమాదకరం.

గాలి దిక్కు అంతకన్నా ముఖ్యమైనది. మన వైపు తుఫాను గాలులు గడియారపు ముళ్లకు ఎదురుదిశలో సుడి తిరుగుతాయి. అందువల్ల తుఫాను తీరం దాటే చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం మీద నుంచి వచ్చి నీటిని ఒడ్డుకు తోస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్లకు అది నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఫైలిన్ నాడు ఇచ్ఛాపురం తుఫానుకు దక్షిణాన ఉంది, తిత్లీ నాడు ఉత్తరాన ఉంది. ఐదేళ్ల తేడాలో ఒకే రేవు మీద రెండు ఎదురెదురు దిక్కుల గాలి పడిందన్నమాట. తుఫాను దారి చివరి గంటల్లో ఏ 40 కిలోమీటర్లో పక్కకు జరిగినా సురక్షితం అనుకున్న ఒడ్డే ఉప్పెనకు ఎదురొడ్డవలసి వస్తుంది. ఒక దిక్కు నుంచి మాత్రమే చాటునిచ్చే చోటును నమ్ముకోకూడదని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు బాహుదా మొగ సంగతి. చూపుకు ఇంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది. సముద్రపు కెరటం నేరుగా రాదు, అడుగున బురద కలిసిన ఇసుక ఉంటుంది, డొంకూరు వైపు నుంచీ సోనాపూర్ వైపు నుంచీ మనుషుల సాయం అందుతుంది, ఇంటి దగ్గరే ఉందన్న ధైర్యమూ ఉంటుంది. మామూలు వాయుగుండానికి ఈ మొగ చాలు. పెద్ద తుఫానుకు మాత్రం చాలదు. ఈ తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరంగా కదులుతూ మొగల దగ్గర మేట వేస్తుంది, తెగుతుంది, మళ్లీ వేస్తుంది. నిన్న పడవ దూరిన దారి రేపు ఉండకపోవచ్చు. అంతకన్నా పెద్ద ముప్పు రెండు నీళ్లు కలవడం. ఫైలిన్ సమయంలో గంజాం తీరపు పల్లపు ప్రాంతాల్లో ఉప్పెన మామూలు పోటు కన్నా 2 నుంచి 2.5 మీటర్లు ఎక్కువగా లేచిందని అంచనా. ఆ ఉప్పెన తీశాక మొగ నెమ్మదించదు. గజపతి జిల్లా కొండల్లో కురిసిన వాన గంటల తరువాత వరదై దిగుతుంది. విరిగిన చెట్లనూ, కొట్టుకుపోయిన వెదుళ్లనూ, కప్పుల రేకులనూ మోసుకొస్తుంది. గాలికి తట్టుకున్న పడవ వరదలో వచ్చిన ఒక్క మానుకు పగిలిపోతుంది. తిత్లీ వెంట వంశధార, మహేంద్రతనయ నదులు ఎంత పొంగాయో చూసినవారికి ఈ మాట మళ్లీ చెప్పనక్కరలేదు.

అయినా మొగ తప్ప గతి లేనివారు లంగరు మోకు పొడవును సరిగా లెక్కించుకోవాలి. నీరు 3 మీటర్ల లోతు, పడవ ముక్కు నీటికి 1 మీటరు ఎత్తు అనుకుంటే, ఆ రెండూ కలిపిన 4 మీటర్లకు ఏడింతల చొప్పున 28 మీటర్ల మోకు వదిలితే చాలునని మామూలు లెక్క చెబుతుంది. ఉప్పెన మరో 2 మీటర్లు లేస్తే అదే మోకు ఐదింతలకు కూడా రాదు. లాగుడు పైకి మళ్లి లంగరు పెళ్లగిల్లుతుంది. ఉప్పెనను కలుపుకుంటే 42 మీటర్లు కావాలి. బాహుదా పాయలో అంత మోకు మీద పడవ చుట్టూ తిరగడానికి చోటు లేదు. కాబట్టి మొగకు దూరంగా, వంపు తిరిగిన పాయలోకి పోయి, రెండు గట్లకూ నాలుగు వైపులా మోకులు కట్టడమే మార్గం; ఉప్పెనకు పడవ పైకి లేవగలిగేటంత వదులు ఆ మోకుల్లో ఉండాలి. మోకు తెగేది చాలాసార్లు మధ్యలో కాదు, పడవ అంచు మీద ఒరుసుకునే జానెడు చోట. నైలాను మోకు సాగుతూ ముడుచుకుంటూ లోపల వేడెక్కి మెత్తబడుతుంది, పైన అంచు కోస్తుంది. ఆ జానెడు మేర పాత లారీ ట్యూబును నిలువునా చీల్చి చుట్టి, రెండు కొసలా సన్న తాడుతో బిగించాలి. ఈ చిన్న పని చేసిన పడవకూ చేయని పడవకూ మధ్య తేడా తెల్లవారేసరికి తెలుస్తుంది.

విశాఖపట్నం రేవుకు ఉన్న బలం దాని నిర్మాణం. డాల్ఫిన్స్ నోస్ కొండ, అలలను ఆపే రాతి గోడలు, క్రేన్లు, మరమ్మతు చేసే మనుషులు, ఇవన్నీ మన తీరంలో మరెక్కడా ఒక్కచోట దొరకవు. బరువైన కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే తూకపు పలక) ఉన్న పడవను నీటి నుంచి పైకి తీయాలంటే నాకు తెలిసి దగ్గరలో ఉన్న సరైన చోటు అదే. కాని సోనాపూర్ నుంచి అక్కడికి సముద్రం మీద 200 కిలోమీటర్లకు పైమాటే. గంటకు 9 కిలోమీటర్లు నడిచే తెరచాప పడవకు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. వాతావరణ శాఖ తీరంలో వాతావరణం చెడడానికి 72 గంటల ముందు తొలి జాగరూకత, 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. హెచ్చరిక విన్నాక బయలుదేరిన పడవ తుఫానుకు ఎదురు వెళ్లినట్టే. పోదలచినవారు సెప్టెంబరులోనే పోయి డిసెంబరు దాకా అక్కడే ఉంచాలి. అప్పుడు కూడా పూర్తి అభయం లేదు: 2014లో హుద్‌హుద్ ఆ నగరం మీదనే విరుచుకుపడి రేవులో ఎన్నో బోట్లను దెబ్బతీసింది. ఒకదానికొకటి ఆనించి కట్టిన పడవలకు గాలి ఒక్కటే శత్రువు కాదు. 2023 నవంబరులో అక్కడి ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి రేగిన నిప్పు పదుల సంఖ్యలో మరబోట్లను కాల్చివేసింది. అందువల్ల విశాఖకు తీసుకుపోయినవారు రేవు నీటిలో కట్టి రాకుండా, కుదిరితే పైకి తీయించి రావాలి.

చిలికా గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పాలూరు కాలువ రుషికుల్య మొగను చిలికా దక్షిణ కొసతో కలుపుతుంది. రంభ వైపు కొండలూ దీవులూ కొంత చాటునిస్తాయి. కాని కాలువలోనూ సరస్సులోనూ లోతు తక్కువ, కీల్ ఉన్న పడవ నేల తగులుతుంది. పైగా సరస్సు 60 కిలోమీటర్లకు మించిన పొడవున పరుచుకొని ఉంది కనుక దాని మీదుగా వచ్చే గాలి పొట్టి, నిటారు అలలను లేపుతుంది. అడుగు చదునుగా ఉండి, రంభలో తెలిసినవారున్న చిన్న పడవకు మాత్రమే ఇది దారి.

ఇక గట్టు. మన జాలరులు ఫైబరు తెప్పలను ట్రాక్టరుతో ఇసుక దిబ్బ దాటించి ఊళ్లోకి చేర్చడం అందరూ చూసేదే. ఈ పని వెనుక తరాల అనుభవం ఉంది, బయటి అనుభవమూ దాన్నే బలపరుస్తుంది. అమెరికా తూర్పు తీరాన్ని 1985లో గ్లోరియా హరికేన్ తాకిన తరువాత మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు పరిశీలించినప్పుడు, నీటిలో కట్టి ఉంచిన పడవలకన్నా ఒడ్డుకు ఎక్కించినవే చాలా ఎక్కువగా బతికి బయటపడ్డాయని తేలింది. గట్టు మీద పడవకు కెరటం తగలదు, మోకు ఒరుసుకోదు, వరదమాను గుద్దదు. మిగిలేవి రెండే, గాలీ ఉప్పెనా.

ఉప్పెనకు జవాబు ఎత్తు. ఫైలిన్ నాటి ఉప్పునీరు కొన్నిచోట్ల తీరం నుంచి ఒక కిలోమీటరు దాకా వచ్చింది కనుక, దిబ్బ వెనుక పల్లం చాలదు. అక్కడే నీరు నిలుస్తుంది. ఊరి ఎత్తు నేల మీదకు పోవాలి. గాలికి జవాబు బరువు, తక్కువ ఎత్తు. తెరచాపను విప్పి ఇంట్లో పెట్టాలి, తెరచాప కొయ్యను దించాలి, ఇంజనూ చుక్కానీ తీయాలి. కీల్ ఉన్న పడవకు ఇసుకలో మోకాలి లోతున గుంట తీసి కీల్‌ను అందులో దించితే పడవ మీద గాలికి దొరికే భాగం తగ్గుతుంది. తెరిచి ఉన్న చిన్న పడవలో ఇసుక బస్తాలు పేర్చవచ్చు. కట్టేది దేనికి అన్నది చాలా ముఖ్యం. కొబ్బరి చెట్టుకు కట్టవద్దు, కొబ్బరి చెట్టు పడే దూరంలో పడవను ఉంచవద్దు. తిత్లీ ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లను కూల్చింది. ఆ తోటల మధ్య పడవ పెట్టడమంటే దాని మీద మాను వాలడానికి చోటు చూపించడమే. సరుగుడు తోపులో కూడా ఒకే చెట్టును నమ్మకుండా నాలుగైదు చెట్లను మొదట్లో కలిపి కట్టాలి. అంతకన్నా మేలు, మనిషి నడుము లోతున పూడ్చిన అడ్డదుంగలకు నాలుగు వైపులా మోకులు బిగించడం.

ఖర్చు ఉంది. ట్రాక్టరు, పదిమంది మనుషులు, కీల్ పడవైతే క్రేను లారీ, వీటి కోసం తుఫాను ముందురోజు వెతికితే దొరకరు. దొరికినా ఆ రోజు వారి తెప్పలే వారికి ముఖ్యం, అది న్యాయం కూడా. కనుక ట్రాక్టరు యజమానితో భాద్రపదంలోనే మాట్లాడుకొని బయానా ఇచ్చుకోవాలి. 72 గంటల జాగరూకత వెలువడిన రోజే పడవ గట్టెక్కాలి, రెండో రోజు మోకులు బిగించాలి, మూడో రోజు దాని దగ్గరకు పోనక్కరలేకుండా ఉండాలి.

ట్రాక్టరుకు, మనుషులకు లొంగని బరువైన కీల్ పడవ ఉన్నవారు మాత్రం విశాఖ దారే పట్టాలి, అదీ సెప్టెంబరులోనే. మొగ చివరిది. మొగలో కట్టిన పడవలో రాత్రి కాపలా ఉండడానికి మాత్రం ఎవరూ పూనుకోవద్దు. ఆ గాలిలో మోకు మార్చడం మనిషి వల్ల కాదు, పడవ విలువ ఎంతైనా అది కొనుక్కోగలిగినదే. కట్టవలసినవన్నీ కట్టి, లైసెన్సు, బీమా కాగితాలూ పడవ నాలుగు వైపుల ఫొటోలూ వెంట తీసుకొని, గాలి లేవకముందే తుఫాను రక్షిత భవనానికి చేరుకోవాలి.